తునికి లేచింది, ఇప్ప ఎందుకు లేవలేదు?

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా కారేపల్లిలో యువతతో చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9 నాడు మైకు చేతికొస్తే చరిత్ర చెప్పాలి, హక్కులు చెప్పాలి అంటారు. ఆదివాసుల కోసం ఐక్యరాజ్యసమితి వేసిన కార్యవర్గం 1982లో మొదటిసారి కూర్చున్నది ఈ రోజునే. 1994లో దీన్ని మన రోజుగా ప్రకటించారు. ఆ సంగతులు నాకన్నా బాగా చెప్పేవాళ్ళు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను ముప్పై ఏళ్ళు బడిపిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ణి. నాకు తెలిసింది చెట్టు. అందుకని చెట్టు గురించే, అందులోనూ కాలిన చెట్టు గురించే మాట్లాడతాను.

ముందు ఒక ప్రశ్న. ఈ ఎండాకాలం అడవిలో తునికి పండు కోసుకుని తిన్నవాళ్ళు చేతులెత్తండి. నలుగురు... అయిదుగురు. సరే. తునికాకు తెంపడానికి పోయినవాళ్ళు? చూశారా, సగం సభ చేతులెత్తింది. ఆకు తెంపినవాళ్ళు ఇంతమంది ఉంటే పండు తిన్నవాళ్ళు అయిదుగురే ఎందుకయ్యారు? ఆ సంగతి తెలిస్తే నేను చెప్పదలచుకున్నది సగం తెలిసినట్టే.

నాకు పదేళ్ళప్పటి మాట. మా గూడెం పక్క గుట్ట కింద ఇప్పచెట్లు ఉండేవి. మార్చి వచ్చిందంటే తెల్లవారుజామున పువ్వు రాలుతుంది. కింద ఎండుటాకు మందంగా ఉంటే పువ్వు దొరకదు, పైగా ఆకుల్లో పాములు, తేళ్ళు. అందుకని ముందే చెట్ల కింద ఆకు ఊడ్చి నిప్పు పెట్టేవాళ్ళం. ఆ ఏడు ఆ పని నాకు చెప్పారు. నేను ఊడ్చకుండానే అగ్గిపుల్ల గీశాను. సాయంత్రం గాలి లేచింది. మంట గుట్ట ఎక్కింది. పచ్చి కొమ్మలు పట్టుకుని పెద్దవాళ్ళు రాత్రంతా కొట్టినా ఆగలేదు. తెల్లారేసరికి గుట్ట బొగ్గు రంగులో ఉంది. నాకు పడాల్సిన దెబ్బలు పడ్డాయి, అది వేరే కథ.

పది పన్నెండు రోజుల తర్వాత మా నాయనమ్మ నన్ను అక్కడికి తీసుకుపోయింది. వాన చుక్క పడలేదు. కింద బూడిద అట్లాగే ఉంది. ఆ నల్లటి నేలలోంచి ఎర్రెర్రగా తునికి పిలకలు జానెడు లేచి ఉన్నాయి. "తునికి చావదురా, దాని పానం కింద ఉంటది" అంది. నా గుండె బరువు దిగిపోయింది. పోయిందేమీ లేదని అనుకున్నాను. ఆ మాట పట్టుకుని చాలా ఏళ్ళు నిశ్చింతగా బతికాను. నాయనమ్మ తునికి గురించే చెప్పింది. నేనే దాన్ని అడవి మొత్తానికి అనుకున్నాను.

ఆమె చెప్పినదాంట్లో ఉన్న శాస్త్రం ముందు చెబుతాను. మన ఆకురాల్చే అడవిలో వచ్చేది నేలమంట. ఎండుటాకును, గడ్డిని పట్టుకుని పాకుతుంది. పైన వందల డిగ్రీల వేడి ఉండొచ్చు, కానీ మట్టి వేడిని లోపలికి తొందరగా పోనివ్వదు. పెద్ద మొద్దు ఒకేచోట గంటల తరబడి కాలితే తప్ప, నాలుగు వేళ్ళ లోతున ఉన్న వేరుకు పైన మంట పోయిన సంగతి కూడా పెద్దగా తెలియదు.

ఇక కాండం. చెట్టుకు ప్రాణం నట్టనడుమ చేవలో లేదు. బెరడు కింద, గోటితో గీకితే తడిగా తగిలే సన్నటి పొరలో ఉంది. ఆ పొర దాదాపు 60 డిగ్రీల వేడికి చచ్చిపోతుంది. దానికున్న దుప్పటి బెరడొక్కటే. బెరడు మందం రెండింతలైతే వేడి లోపలికి చేరడానికి రెండింతలు కాదు, సుమారు నాలుగింతల సేపు పడుతుంది. నల్లమద్ది బెరడు చూశారుగా, మొసలి వీపులా పలకలు పలకలుగా ఉంటుంది. అది ఊరికే వచ్చిన అందం కాదు. ముదురు నల్లమద్ది, ముదురు ఇప్ప మామూలు నేలమంటకు చావవు. అదే ఇప్ప పిల్ల చిటికెన వేలంత ఉన్నప్పుడు దాని బెరడు బీడీ ఆకంత పలచన. ఒక్క మంటకు పైభాగం పోతుంది.

పైభాగం పోయినంత మాత్రాన మొక్క చచ్చినట్టు కాదు. కట్టెగట్టే మొక్కలు నిద్రపోయే మొగ్గలను దాచిపెట్టుకుంటాయి. కొన్ని కొమ్మల మీద బెరడు లోపల, కొన్ని మొదలు దగ్గర మట్టి అంచున, కొన్ని ఏకంగా పక్కవేర్ల మీద. పైన చిగురు బతికున్నంత కాలం ఇవి లేవవు. పైది కాలిపోయిందంటే వేరులో దాచిన పిండిపదార్థాన్ని తీసుకుని లేస్తాయి. వాన లేకుండా పిలక ఎట్లా వచ్చిందని నేను చిన్నప్పుడు ఆశ్చర్యపోయాను చూడండి, దానికి జవాబు ఇదే. కిందటి వానాకాలంలో ఆకులు సంపాదించి వేరులో వేసిన సొమ్ము అది. లోతు వేరుకు అందే తడి దానికి తోడు.

మోదుగ, పాలకొడిశ, నల్లమద్ది, రేల నరికినా కాల్చినా మొదలు దగ్గర గుత్తిగా లేస్తాయి. తునికి ఇంకా మొండిది. తల్లిచెట్టుకు దూరంగా పాకిన వేర్ల మీద కూడా పిలకలు వేస్తుంది. మీరు ఒకచోట ఇరవై తునికి మొక్కలు చూస్తారు. తవ్వితే నేల కింద అవన్నీ ఒకే వేరుకు పుట్టినవి కావచ్చు. ఆఫ్రికా గడ్డిభూముల్లో అయితే కొన్ని చెట్లు కాండమంతా నేలలోపలే పెట్టుకుని, మంట పోయాక ఆకూ పువ్వూ మాత్రం బయటికి పంపుతాయి. వాటిని నేలకింది అడవులని పిలుస్తారు. మన గుట్టల మీద చిట్టీత కూడా ఇట్లాంటిదే. పైన కాలుతుంది, లోపలి దుంప నవ్వుతూ ఉంటుంది.

మీలో కొందరు అటవీశాఖ నర్సరీలో కూలికి పోయి ఉంటారు. టేకు స్టంపులు నాటారు కదా? ఏడాది మొక్కను పీకి, పైన రెండు మూడు సెంటీమీటర్లు ఉంచి కాండం కోసేసి, జానెడు వేరును గునపం గుంతలో పెట్టి తొక్కుతారు. ఆకు లేదు, కొమ్మ లేదు. వాన పడగానే లేస్తుంది. మంట చేసే పనే అక్కడ కత్తి చేసింది. అడవిలో గింజ నుంచి పుట్టిన టేకు పిల్ల కూడా తొలి ఏళ్ళలో ఎండాకాలం వచ్చిందంటే పైన ఎండిపోతుంది, వానకు మళ్ళీ లేస్తుంది. ఏటా ఇంతే. చూసేవాడికి గిడసబారినట్టు కనిపిస్తుంది, లోపల వేరు మాత్రం క్యారెట్ దుంపలా లావెక్కుతుంటుంది. ఒక ఏడు ఎండ తక్కువై, మంట రాకపోతే ఒక్కసారిగా నిటారుగా లేచి తల పైకెత్తుతుంది.

అసలు చిక్కు ఆ "ఒక ఏడు" దగ్గరే ఉంది.

పిలక తల మంటకు అందనంత ఎత్తుకు పోవాలి, బెరడు మందమెక్కాలి. దానికి ఒక వానాకాలం చాలదు, వరసగా కొన్నేళ్ళు కావాలి. ఏటా మంట వస్తే ఏమవుతుంది? మోకాలెత్తు లేస్తుంది, కాలుతుంది. మళ్ళీ మోకాలెత్తు, మళ్ళీ కాలుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని మంట ఉచ్చు అంటారు. ఉచ్చులో పడ్డ మొక్క చావదు, పెరగదు. పువ్వు పూయదు, కాయ కాయదు. మీరు దాటుకుంటూ నడిచే మోకాలెత్తు తునికి పొద వయసు మీ వయసుకన్నా ఎక్కువ ఉండొచ్చు. తెలియనివాళ్ళు దాన్ని చూసి "అబ్బో, అడవి మొలుస్తోంది" అంటారు. మొలవడం లేదు, పాత వేరు అప్పు కట్టుకుంటూ ఉంది. ప్రతి పిలకకూ వేరులోని నిల్వ ఖర్చవుతుంది. మళ్ళీ నింపుకునే వ్యవధి ఇవ్వకుండా కాలుస్తుంటే చివరికి ఆ వేరు కూడా ఖాళీ అవుతుంది.

పండు దొరకనిది అందుకే. తునికి చెట్టై, పూసి, కాస్తేనే పండు. మనకు కావలసింది లేత ఆకు. ఆకు లేతగా రావాలని ఫిబ్రవరి, మార్చిల్లో పొదలు కొట్టడం ఒక పద్ధతి. దానిబదులు పొదలకు నిప్పు పెట్టేయడం ఇంకో పద్ధతి. కొడితే ఆ పొద ఒక్కటే తెగుతుంది. నిప్పు పెడితే పక్కనున్న ఏగిస, ఉసిరి, సార పిల్లలు కూడా పోతాయి. కొట్టడానికి కూలి పడుతుంది, నిప్పుకు అగ్గిపుల్ల చాలు. ఇందులో మనవాళ్ళదే తప్పని నేను అనను. 50 ఆకుల కట్టకు దొరికే డబ్బుల కోసం ఎండలో నడుము వంచే తల్లులకు తీరిక ఎక్కడిది? అయినా ఆకు కొనేవాడు ఈ ఏడాది ఆకు సంగతి చూసుకుంటాడు. పదేళ్ళ తర్వాత గుట్ట మీద ఏముంటుందో చూడాల్సింది మనం.

ఇప్పుడు ఇప్ప దగ్గరికి వస్తాను. నా బాధంతా దీని గురించే.

ఇప్పను నరికితే మోడు నుంచి చిగుళ్ళు వేస్తుంది, నిజమే. కానీ తునికిలా వేర్ల వెంట ఊరంతా పిలకలు పెట్టి వ్యాపించే రకం కాదు. కొత్త ఇప్పచెట్టు రావాలంటే ప్రధానంగా గింజే దారి. ఇప్ప గింజ ఎట్లాంటిదో మన అమ్మలకు తెలుసు. వానలు మొదలయ్యేవేళ పండు రాలుతుంది. గింజ నూనెతో నిండి ఉంటుంది. కంది గింజలా, తుమ్మ గింజలా దాచుకుంటే ఏళ్ళు నిలవదు, కొన్ని వారాల్లోనే మొలిచే శక్తి తగ్గిపోతుంది. రాలిన వెంటనే తడి నేల దొరికితే మొలుస్తుంది, లేకపోతే లేదు. రాలినదాంట్లో చాలా భాగం నూనెకని మనమే ఏరుకుంటాం. మిగిలినదాన్ని పందులు, పురుగులు తింటాయి. ఇవన్నీ తప్పించుకుని మొలిచిన నాలుగు పిల్లలు తల్లి నీడలోనే ఉంటాయి. జూలైలో పుట్టిన మొక్కకు మార్చి నాటికి ఎన్ని నెలలు? ఎనిమిది. సరిగ్గా అప్పుడు పువ్వు ఏరడం కోసం మనం ఎక్కడ నిప్పు పెడతాం? ఆ తల్లిచెట్టు కిందే.

ఒకసారి ఆలోచించండి. అడవంతా వదిలేసి, ఇప్ప పిల్లలు పుట్టే ఆ కొద్దిపాటి నేలనే ఎంచుకుని, అవి ఇంకా వేరు లావెక్కకముందే, ఏటా తప్పకుండా కాలుస్తున్నాం. చెట్టు మీద ద్వేషంతో కాదు, చెట్టు మీద ప్రేమతోనే. ఇప్పను నరికితే పాపమనే మనమే ఇప్పకు వారసుడు లేకుండా చేస్తున్నాం.

ఆరేళ్ళ కిందట నేను మా గూడెం పిల్లలను వెంటేసుకుని గుట్ట కింద ఇప్పచెట్లన్నీ లెక్క పెట్టాను. పద్నాలుగు చెట్లు. అన్నీ మా తాతల నాటివి. వాటి కింద జానెడు మొలకలు వానాకాలంలో బోలెడు. మోకాలెత్తు నుంచి మనిషెత్తు దాకా ఉన్న ఇప్ప మొక్క ఒక్కటంటే ఒక్కటి లేదు. ముసలివాళ్ళూ పసిపిల్లలూ తప్ప నడివయసువాళ్ళు ఎవరూ లేని ఊరు ఎట్లా ఉంటుంది? అట్లా ఉంది ఆ చోటు. నేను పదేళ్ళప్పుడు గీసిన అగ్గిపుల్ల ఒక్కటే దీనికి కారణం కాదు. కానీ ఆ తర్వాత ఏటా ఎవరో ఒకరు గీస్తూనే ఉన్నారు.

ఇక్కడ ఎవరైనా లేచి, "సారూ, మరి మన తాతలు కాల్చలేదా? పోడు కొట్టలేదా?" అని అడగాలి. అడగండి, మంచి ప్రశ్న. కాల్చారు. కొండరెడ్ల పోడు గురించి హైమెన్‌డార్ఫ్ 1945లో పుస్తకమే రాశాడు. పాతకాలపు పోడులో చెట్టు నరికేవారు, కాల్చేవారు, రెండు మూడు పంటలు తీసి మరో చోటికి పోయేవారు. మొదళ్ళు పెకలించేవారు కాదు. వదిలేసిన నేలలో ఆ మొదళ్ళే లేచి, ఏళ్ళు గడిచేసరికి మళ్ళీ అడవి కట్టేది. అంటే మంట ఉంది, మంట తర్వాత విరామం కూడా ఉంది. ఇప్పుడు నేల తగ్గింది, విరామం పోయింది, మంట మిగిలింది.

అడవికి మంట కొత్త కాదు కూడా. మన కారేపల్లి మండలానికి సింగరేణి అని పేరుంది కదా, ఆ పేరే బొగ్గు కంపెనీకి వెళ్ళింది. 1871లో విలియం కింగ్ అనే ఆయన ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నట్టు కనిపెట్టాడు. ఆ పొరలను భూగర్భ శాస్త్రవేత్తలు గోండ్వానా పొరలంటారు. గోండుల నేల పేరు ప్రపంచమంతా అట్లా వాడుకుంటోంది, ఇది మీరు గర్వంగా చెప్పుకోవచ్చు. మన దేశపు గోండ్వానా బొగ్గులో పాతికకోట్ల ఏళ్ళకు పైబడిన కట్టెబొగ్గు ముక్కలు కూడా దొరికాయి. అంటే ఆనాటి అడవులూ కాలాయి.

అందుకే మంటను పూర్తిగా ఆపేస్తే సరిపోతుందనే వాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. ఇంగ్లీషువాళ్ళు 1860ల నుంచి మధ్య భారతంలో అడవుల్లో మంట పడకుండా కాపలా పెట్టడం మొదలెట్టారు. 1890లు వచ్చేసరికి బర్మా టేకు అడవుల్లో పనిచేసే వాళ్ళ అధికారులే, కాపలా మరీ ఎక్కువై టేకు పిల్ల రావడం లేదని రాశారు. కర్ణాటకలో బిళిగిరి రంగన్న కొండల్లో సోలిగ ఆదివాసులు ఉన్నారు. వాళ్ళు ఎండలు ముదరకముందే, ఆకులో ఇంకా కొంత తడి ఉండగానే చిన్న మంటలు పెట్టేవారు. 1970లలో అది అభయారణ్యమయ్యాక ఆ పని ఆగిపోయింది. లంటానా కంప అడవిని కమ్మిందని, ఉసిరి చెట్లకు బదనిక పట్టిందని సోలిగలు అంటారు. ఆ మాటను పరిశోధకులు తేలిగ్గా తీసుకోలేదు, వెళ్ళి పరీక్షించారు. లంటానాకు మంట ఒక్కటే కారణమా అనే చర్చ ఇంకా ఉంది. 2011లో అదే సోలిగలకు పులుల అభయారణ్యంలో సామూహిక అటవీ హక్కులు దక్కాయి. ఆస్ట్రేలియా ఉత్తరాన ఆర్నెమ్ ల్యాండ్‌లో అక్కడి ఆదివాసులు 2006 నుంచి ముందస్తు చల్ల మంటలు పెట్టి, ఆలస్యంగా వచ్చే పెద్ద మంటలను తగ్గిస్తున్నారు. అది వాళ్ళకు జీతమిచ్చే ఉద్యోగం కూడా.

ఇవన్నీ విని ఇంటికెళ్ళి జనవరిలో నిప్పు పెట్టమని నేను చెబుతున్నానని అనుకోకండి. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం చట్టప్రకారం నేరం, కేసవుతుంది. పైగా మన అడవి ఇప్పుడు మంట లేక బాధపడటం లేదు, మంటల మధ్య తెరిపి లేక బాధపడుతోంది. ముదుమలై వైపు చేసిన అధ్యయనంలో ఎనభై ఏళ్ళలో మంటకూ మంటకూ మధ్య విరామం మూడో వంతుకు పడిపోయిందని తేలింది. దేశం అడవుల్లో 36 శాతానికి పైగా తరచూ మంటలు పడే ప్రమాదంలో ఉన్నాయని భారత అటవీ సర్వే సంస్థ లెక్క. ఉపగ్రహం మంటను చూసి బీట్ ఆఫీసర్ ఫోనుకు మెసేజ్ పంపుతుంది, బాగానే ఉంది. కానీ ఆ మెసేజ్‌లో ఇప్ప పిల్ల కనిపించదు. అది కనిపించేది అక్కడ నడిచేవాడికే.

మేం ఏం చేశామో చెబుతాను, అదేమీ గొప్ప కాదు. పద్నాలుగు చెట్లలో ఆరింటి కింద నిప్పు మానేశాం. ఆకు ఊడ్చి చేల గట్లకు, పెంటకుప్పకు మోశాం. పువ్వు కోసం పాత చీరలు కుట్టి పరిచాం. మొదటి ఏడు ఆడవాళ్ళు నన్ను తిట్టారు, ఊడ్చే పని వాళ్ళ మీదే పడింది కాబట్టి. ఆ తిట్టులో న్యాయం ఉంది. రెండో ఏటి నుంచి మగపిల్లలకు ఊడ్చే వంతులు వేశాం. చీరల మీద పడ్డ పువ్వుకు మన్ను అంటలేదు, ఇసుక లేదు, ఆ తర్వాత తిట్లు తగ్గాయి. గింజ మొత్తం ఏరకుండా చెట్టుకు కొన్ని పిడికిళ్ళు వదిలాం. నలభై మొలకలకు కర్రలు పాతి గుర్తు పెట్టాం. ఫిబ్రవరిలో ఒక్కో దాని చుట్టూ రెండు బారల మేర ఆకు గీకేస్తాం, పక్క నుంచి మంట వచ్చినా దాని దాకా పాకకుండా.

నలభైలో ఇవాళ ఇరవైమూడు ఉన్నాయి. మేకలు తిన్నవి కొన్ని, ఎండకు పోయినవి కొన్ని. నాలుగు నా తల దాటాయి. కిందటేడు అవతలి గుట్ట నుంచి మంట వచ్చి ఒకదాన్ని కాల్చేసింది. మేం ఏడ్చినంత పని చేశాం. అది అయిదేళ్ళ మొక్క, వేరు అప్పటికే లావెక్కి ఉంది. వాన పడ్డాక మొదలు దగ్గర మూడు పిలకలు వేసింది. బలమైనది ఒకటి ఉంచి మిగతా రెండూ తుంచాను. మూడడుగులు లేచింది. దాని సంగతి ఇంకో మూడేళ్ళకు గాని తేలదు.

మీ దగ్గర చట్టం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం అంటే పట్టా కాగితమొక్కటే అనుకుంటారు. అందులో మూడో సెక్షన్‌లోనే, సామూహిక అటవీ వనరును కాపాడుకునే, తిరిగి పెంచుకునే, నిర్వహించుకునే హక్కు మనకు రాసి ఉంది. ఇప్పచెట్ల కింద నిప్పు వద్దని, తునికి పొదలు కొట్టాలి గాని కాల్చకూడదని, కొన్ని పొదలను పండు కోసం చెట్లుగా ఎదగనివ్వాలని గ్రామసభ తీర్మానం చేయొచ్చు. కొట్టే కూలి ముందే ఇవ్వమని గుత్తేదారును అడగొచ్చు. పెద్దలకు చెప్పేటప్పుడు "మీరు తప్పు చేశారు" అని మొదలెట్టకండి. నేను అట్లా మొదలెట్టి ఒకసారి భంగపడ్డాను. చెట్టు కిందికి తీసుకెళ్ళి, నడుమెత్తు ఇప్ప పిల్లను చూపించమని అడగండి. వాళ్ళే వెతుకుతారు, వాళ్ళకే అర్థమవుతుంది.

మైకు ఇచ్చేయమని ఇందాకటి నుంచి సైగ చేస్తున్నారు, ఇక ముగిస్తాను. భోజనాలయ్యాక కోలాటం మొదలయ్యేలోపు గంట తెరిపి ఉంది. ఈ మైదానం వెనక గట్టు మీద తునికి పొదలు ఉన్నాయి, పొద్దున వస్తూ చూశాను. ఒకదాన్ని మొదలు దగ్గర తవ్వి చూద్దాం, పైన పిలక ఎంత, కింద వేరు ఎంత ఉందో కొలుద్దాం. చూశాక మళ్ళీ మట్టి కప్పేద్దాం. రావాలనుకున్నవాళ్ళు రండి. గునపం నేను తెచ్చాను.